ఇప్పకు, ఇప్పుడు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చినప్పుడు, ఉద్యోగుల పిల్లలకు ట్యూషన్ చెప్పమంటారేమో అనుకున్నాను. పిల్లలకు కాదు, పనివాళ్ళకన్నారు. ఒడిశా, బీహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చిన కార్మికులకు మాట్లాడే తెలుగు నేర్పాలి. ఆదివారం పొద్దున, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో. నేను బీరంగూడలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. ఆదివారాలు ఖాళీయే. సరేనన్నాను.

నాకు తెలుగు ఒకటి కాదు, మూడు. మా నాన్న ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి కోస్తా నుంచి వచ్చారు. నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో అమ్మానాన్నల తెలుగు, గడప దాటితే వీధి తెలుగు. ఆడుకుని వచ్చి "అమ్మా, ఆకలైతుంది, జల్ది పెట్టు" అంటే, అమ్మ గరిటె పట్టుకుని నిలబడి "అలాక్కాదు, ఆకలేస్తోంది అను, అప్పుడు పెడతాను" అనేది. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వుతూనే మార్చుకునేదాన్ని. బయటికెళ్ళగానే మళ్ళీ వీధి మాటే. చదువుకుని బడిలో చేరాక మూడోది తోడైంది, పుస్తకం తెలుగు. ఏది ఎక్కడ వాడాలో నాకు ఆలోచించాల్సిన పనిలేకుండా తెలుసు. అందుకేనేమో, ఆ మూడింటి మధ్య ఎంత దూరముందో చాలాకాలం నేను కొలుచుకోలేదు.

ఫ్యాక్టరీలో శిక్షణ వ్యవహారాలు చూసే అధికారి నన్ను కూర్చోబెట్టి ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. ఎక్కడో తయారు చేయించి తెచ్చిన పుస్తకం. బొమ్మల పక్కన వాక్యాలు. "మీ పేరేమిటి?" "దయచేసి తలుపు తెరవండి." "మూట విప్పండి." "మూట విప్పవద్దు." తిరగేసి చూసి, లోపల పని జరిగేచోట ఒక్కరోజు నిలబడి వినాలని ఉందన్నాను.

"ఏం వింటారు మేడం?" అన్నాడు.

"వాళ్ళకి రోజూ చెవిన పడే మాటలేమిటో వింటానండి. అవే నేర్పితే పనికొస్తాయి కదా."

"బయటివాళ్ళకి లోపల పర్మిషన్ ఉండదు మేడం, సేఫ్టీ రూల్సు. పుస్తకంలో అన్నీ ఉన్నాయి. అది పూర్తి చేయండి చాలు."

క్లాసుకొచ్చేవాళ్ళంతా వయసొచ్చిన మగవాళ్ళే. స్నానాలు చేసి, తలలు దువ్వుకుని వచ్చి క్యాంటీన్ బెంచీల మీద బడిపిల్లల్లా కూర్చునేవారు. వాళ్ళలో ఒడిశా నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. నలభైకి దగ్గర్లో ఉంటాడు. మెయింటెనెన్స్‌లో హెల్పరు. పైపులు, పంపులు బిగించే పని. నేను చెప్పిన వాక్యాన్ని ఒక్క అక్షరం పోకుండా పలికేవాడు. "మీరు భోజనం చేశారా?" అని తోటివాళ్ళని అడిగేవాడు. లోపల తెలుగువాళ్ళు ఆయనకి 'వార్తలు' అని పేరు పెట్టారట. టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతాడని. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో తేల్చుకోలేక నా మొహంలోకి చూశాడు.

ఒక ఆదివారం ఆయనే చెయ్యెత్తాడు.

"మేడం, మీరు చెప్పే తెలుగు లోపల ఎవరూ మాట్లాడరు. వారు 'ఏంది' అంటారు. ఏంది అనగా ఏమిటి?"

"ఏంది అంటే ఏమిటి అనే," అన్నాను. ఆయన ఇంకా నా జవాబు కోసమే ఎదురుచూస్తున్నాడని అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. అందరం నవ్వుకున్నాం.

ఆ తరువాత వాళ్ళంతా వారం పొడుగునా విన్న మాటలు మూటగట్టుకుని తెచ్చేవారు. జెర అంటే ఏమిటి, గుంజు అంటే ఏమిటి, ఇడిశిపెట్టు అంటే ఏమిటి. బోర్డు మీద ఒక పక్క పుస్తకం మాట, ఒక పక్క ఇక్కడి మాట రాసేదాన్ని: కొంచెం, జెర; లాగు, గుంజు; వదిలిపెట్టు, ఇడిశిపెట్టు. నాకు చిన్నప్పుడు వీధిలో ఆడుకున్నంత హుషారుగా ఉండేది. క్లాసులో నిద్రమొహాలు కూడా లేచి కూర్చునేవి.

అది నాలుగు వారాలైనా సాగలేదు. శిక్షణాధికారి ఒకరోజు టీ కోసం వచ్చి బోర్డు చూశాడు. క్లాసయ్యాక పక్కకి పిలిచి, "ఈ యాస మాటలు వాళ్ళు ఎలాగూ నేర్చుకుంటారు మేడం. దానికి టీచరెందుకు? మనం నేర్పేది మంచి తెలుగు," అన్నాడు.

"లోపల వాళ్ళకి ఎవరు పని చెప్తారో ఆ మనుషుల తెలుగే కదండీ ఇది. మంచిదీ చెడ్డదీ అని కాదు, అర్థం కావాలి కదా."

"పుస్తకం సగంలో ఉంది మేడం," అన్నాడు. ఆ తరువాతి ఆదివారం నుంచి వచ్చి వెనక బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. బోర్డు మీద రెండో పక్క ఖాళీ అయిపోయింది.

పుస్తకం అయిపోయాక పరీక్ష పెట్టారు. వాళ్ళందరూ బాగానే రాశారు, బాగానే మాట్లాడారు. సర్టిఫికెట్ మీద "తెలుగు మాట్లాడుట, అర్థము చేసుకొనుట వచ్చును" అని అచ్చువేశారు. నేను అధికారితో, "వీళ్ళు పలకరించగలరు, ఒంట్లో బాగాలేకపోతే చెప్పుకోగలరు. మిషన్ల చప్పుడులో ఎవరో కేకేసి చెప్తే అర్థం చేసుకోలేరండి. తెలుగుతో పరిచయం ఉందని రాస్తే సరిపోతుంది," అన్నాను. "ఏదో ప్రోత్సాహం కోసం మేడం, అంత ఆలోచించకండి," అన్నాడు. సంతకాలు అయ్యాయి, నేనూ పెట్టాను. ఒడిశా ఆయన తన కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి భార్యకి పంపించుకున్నాడు. ఆమె తెలుగు చదవలేదు, అయినా జవాబుగా ఒక దండం బొమ్మ పంపింది. అది నాకు చూపించాడు.

వానలు మొదలైన రోజుల్లో, బడిలో ఉండగా క్లాసుకొచ్చిన వాళ్ళలోనే ఒకతను ఫోన్ చేశాడు. "మేడంజీ, వార్తలుకి దెబ్బ తగిలింది. వేడి మందు మీద పడింది," అన్నాడు. ఆస్పత్రి ఎక్కడో చెప్పాడు. బడి అయ్యాక ఆటో మాట్లాడుకుని వెళ్ళాను.

వార్డు బయట బెంచీ మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో టోపీ, చొక్కా మీద ఎండిన మరకలు. దగ్గర్లోని లక్డారం ఊరి మనిషి, ఆ షిఫ్టుకి సూపర్‌వైజర్. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"మీరేనా మేడం తెలుగు చెప్పింది," అన్నాడు. "నేను వద్దనే చెప్పిన మేడం. గట్టిగ చెప్పిన."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"పంపు కాడ పైపుల జాయింటు మార్చాలె. నేను పైకెక్కిన, లైన్ల వేడి మాలు ఉన్నదా, ఖాళీ అయిందా సూద్దామని. సూస్తే ఇంకా ఉన్నది. కిందికి ఒర్రిన, ఇప్పకు, ఇప్పకు, జెర ఆగు అని. ఆయన నా దిక్కు సూసిండు. తల ఊపిండు. ఊపి, పానా పట్టి బోల్టు ఇప్పనే పట్టిండు. నేను మెట్లు దిగి ఉరికొచ్చేసరికి అయిపోయింది."

"ఆయనతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతారా?"

"లేదు మేడం. ఇంతకుముందు హిందీలనే చెప్తుంటి. మా ఊర్ల తురకోళ్ళతోని చిన్నప్పటి సంది తిరిగినోన్ని, నాకు ఆ మాట మంచిగనే వస్తది. మత్ ఖోలో అంటే ఆగుతుండె. మొన్న ఆఫీసోళ్ళు చెప్పిండ్రు, సర్టిఫికెట్ వచ్చినోళ్ళతోని తెలుగే మాట్లాడున్రి, లేకుంటే మరిచిపోతరు అని. ఆయనకు తెలుగొస్తదని రాసిచ్చిండ్రు గదా మేడం. గందుకే తెలుగుల చెప్పిన."

లోపలికి వెళ్ళాను.

ఎడమ చేయి వేళ్ళ దాకా, కుడి తొడ మీద కట్లు ఉన్నాయి. మొహానికేమీ కాలేదు. నన్ను చూసి లేవబోయాడు. "నమస్కారం మేడం. మీరు ఎందుకు శ్రమపడ్డారు?" అన్నాడు. అది పుస్తకంలో అతిథి వచ్చినప్పుడు అనే వాక్యం. నేను నేర్పిందే.

ఏం జరిగిందని అడిగాను. కాసేపు హిందీలో, కాసేపు తెలుగులో చెప్పాడు.

"సార్ పైనుండి చెప్పారు. ఇప్పుడు, ఇప్పుడు అన్నారు. నేను వెంటనే విప్పాను. ఇప్పుడు అనగా ఈ సమయమే కదా మేడం?"

"ఆయన 'ఇప్పకు' అన్నారు," అన్నాను.

"ఇప్పకు," అని పెదవులతో పలికి చూసుకున్నాడు. "ఆ మాట నాకు తెలియదు. విప్పవద్దు అని ఆయన అనలేదు. వద్దు అని నేను వినలేదు. తరువాతి మాట మోటారు శబ్దంలో వినిపించలేదు."

మూట విప్పవద్దు అని ఆయన ఎన్నోసార్లు నా ముందు చదివాడు. నిషేధం వాక్యం చివర 'వద్దు' అని వస్తుందని నేర్చుకున్నాడు. ఇక్కడి తెలుగులో విప్పు అనే మాటకి ముందున్న వకారం ఉండదనీ, చివర 'వద్దు'కి బదులు ఒక చిన్న 'కు' వచ్చి చేరుతుందనీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. మోటారు చప్పుడులో ఆ 'కు' ఎక్కడ వినిపిస్తుంది? ఆయన చెవికి తెలిసిన మాట ఒక్కటే ఉంది. దాన్నే విన్నాడు. మంచి విద్యార్థి కనుకనే వెంటనే విప్పాడు.

బయటికొచ్చి సూపర్‌వైజర్‌కి చెప్పాను. "ఇప్పుడు అనుకున్నడా," అన్నాడు. టోపీ చేతిలో తిప్పుతూ, "నేనేమనాల్సుండె మేడం?" అని అడిగాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. మీరన్నది తప్పు కాదన్నాను. అది ఆయనకి చాల్లేదు.

విచారణకి నన్ను పిలిపించారు. పెద్ద బల్లకి అవతల ఫ్యాక్టరీ మేనేజరు, సిబ్బంది వ్యవహారాల అధికారి, శిక్షణాధికారి. నా ముందు ఒడిశా ఆయన సర్టిఫికెట్ నకలు పెట్టారు.

"ఇది మీ సంతకమే కదా మేడం?" అన్నాడు సిబ్బంది అధికారి.

"నాదే."

"అర్థం చేసుకోవడం వచ్చు అని రాసి ఉంది. అంటే ఆయనకి సూపర్‌వైజర్ చెప్పింది అర్థమైంది. అర్థమై కూడా వినకుండా విప్పాడు. అంతేనా?"

అప్పుడు తెలిసింది నన్నెందుకు పిలిచారో. ఆ కాగితం ఆయన తప్పుకి సాక్ష్యం కాబోతోంది.

"అర్థం కాలేదండి. నేను నేర్పిన మాట వేరు, ఆయన విన్న మాట వేరు," అని మొదలుపెట్టి, ఇప్పకు, ఇప్పుడు అనే రెండు మాటలూ కాగితం మీద రాసి చూపించాను. మేనేజరు ముందుకు వంగి చూశాడు. ఆయనకి తెలుగు బాగా రాదు. రెండూ పలకమన్నాడు. పలికాను. తల పంకించాడు.

నా పని సులువైందనుకున్నాను. అంతలో సిబ్బంది అధికారి కుర్చీలో వెనక్కి వాలి, "అంటే మా సూపర్‌వైజర్ సరైన తెలుగు మాట్లాడలేదు. అదీ మీరనేది," అన్నాడు.

"నేనలా అనలేదండి. ఆయన మాట్లాడింది సరైన తెలుగే. ఇక్కడి తెలుగు. పుట్టినప్పటి నుంచి ఆయన చుట్టూ ఉన్నవాళ్ళంతా మాట్లాడేది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా తమ మాటే అరుస్తారు. నేను నేర్పింది పుస్తకం తెలుగు. అదీ సరైనదే. ఒకటి వస్తే రెండోదీ వచ్చినట్టే అనుకున్నాం చూశారా, అక్కడ వచ్చింది పొరపాటు."

"అది ఉపన్యాసం మేడం. రిపోర్టులో ఏం రాయాలి?"

"లైను ఖాళీ అయిందని తేలకముందే ఆ మనిషిని పానా ఇచ్చి అక్కడ ఎందుకు నిలబెట్టారో రాయండి. హిందీలో చెప్తే అర్థమయ్యే మనిషికి తెలుగులోనే చెప్పమని ఎవరన్నారో రాయండి."

శిక్షణాధికారి కిటికీ వైపు చూశాడు. "అది మీ సబ్జెక్టు కాదు," అన్నాడు సిబ్బంది అధికారి, కోపం లేకుండానే.

టైపు చేసి తెచ్చిన కాగితంలో ఒకే వాక్యం నా పేరు మీద ఉంది. సూపర్‌వైజర్ వాడిన భాష స్పష్టంగా, ప్రామాణికంగా లేనందువల్ల కార్మికుడు పొరబడ్డాడని భాషా శిక్షకురాలు అభిప్రాయపడ్డారు. నేను సంతకం చేయనన్నాను. నా మాటల్లో నేను రాసిస్తానని అక్కడే కూర్చుని ఒక పేజీ రాసిచ్చాను. తీసుకున్నారు. దాన్ని ఏం చేశారో నాకు తెలియదు. గేటు దాకా వచ్చిన శిక్షణాధికారి, ఆదివారం క్లాసులు కొన్నాళ్ళు ఆపుతున్నామని చెప్పాడు.

ఆ రోజు ఇంటికి వచ్చే దారిలో నన్ను కాల్చింది ఒకటే. హెల్పర్ని కాపాడబోయి, నేను నోరు తెరిచిన ప్రతిసారీ తప్పు సూపర్‌వైజర్ మీదికి తోశాను. ఏ మాట వాడి ఉంటే ఇద్దరికీ తగలకుండా ఉండేది? ఇంటికొచ్చి అమ్మకి చెప్తే, "నువ్వు ఉన్నదే చెప్పావు కదమ్మా. వాళ్ళు వంకర తిప్పితే నువ్వేం చేస్తావు?" అంది. తరువాత, "మన కోస్తావాళ్ళెవరన్నా అక్కడుండి 'విప్పకు' అన్నా ఇలాగే అయ్యేదేమో. కానీ భాష బాగాలేదని వాళ్ళనెవరూ అనరు," అంది. ఆకలేస్తోంది అనమన్న మనిషి నోట ఆ మాట వింటానని నేననుకోలేదు. ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయింది. నాకు అన్నం తినాలనిపించలేదు.

హెల్పర్ మీద చర్య ఏమీ తీసుకోలేదు. ఆస్పత్రి ఖర్చులు కంపెనీయే భరించింది. కట్లు విప్పాక, నయమయ్యేదాకా ఊళ్ళో ఉండమని పంపించేశారు. బావమరిది వచ్చి తీసుకెళ్ళాడు. రైలెక్కే ముందు హెల్పరే నాకు ఫోన్ చేశాడు.

"మేడం, నేను నా స్వగ్రామానికి వెళ్తున్నాను. మీరు క్షేమంగా ఉండండి."

చెయ్యి ఎలా ఉందని అడిగాను. "వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. పానా పట్టుకోలేను," అన్నాడు. తరువాత, "తెలుగు మరిచిపోను మేడం," అన్నాడు. అది ఎవరితో మాట్లాడతాడని నాకు అడగాలనిపించింది. అడగలేదు. ఆయన మళ్ళీ ఈ వైపు రాలేదు.

సూపర్‌వైజర్‌ని స్టోర్స్‌కి మార్చారు. సామాను లెక్క చూసుకోవడం తప్ప ఎవరికీ పని చెప్పే అవసరం లేని చోటు. షెడ్డుల్లో పనివాళ్ళతో ప్రామాణిక తెలుగులోనే మాట్లాడాలని ఒక నోటీసు కూడా అంటించారని, క్లాసుకొచ్చినవాళ్ళు చెప్పారు. హిందీ గురించి గానీ, పైపులు ఖాళీ చేయడం గురించి గానీ అందులో ఏమీ లేదట.

వాళ్ళలో కొందరు బీరంగూడలోనే కిరాయికి ఉంటారు. ఇప్పుడు ఆదివారాలు వాళ్ళ గదికే వెళ్తున్నాను. పుస్తకం లేదు. ముందు వద్దని చెప్పే మాటలన్నీ నేర్పుతున్నాను. ముట్టకు, దించకు, ఇడువకు, ఇప్పకు. ఒకరు గోడ అవతల నిలబడి అరుస్తారు, ఇవతలివాళ్ళు ఆగాలి. అర్థం కాకపోతే తల ఊపకుండా మళ్ళీ అడగాలి. దీనివల్ల ఎంత మేలు జరుగుతుందో నాకు తెలియదు. బడిలో పిల్లల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు "నేను వచ్చిన" అని కనబడితే ఎర్ర సిరా పెన్ను ఆగిపోతోంది. పరీక్షలో మార్కులు పోతాయని దిద్దక తప్పదు. పక్కన ఇది తప్పు కాదు, ఇక్కడ ఇలా రాయాలి అని చిన్నగా రాస్తున్నాను. తోటి టీచరు చూసి, ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది నీకు, అంది.

మొన్న పటాన్‌చెరు కూరగాయల మార్కెట్లో సూపర్‌వైజర్ కనబడ్డాడు. భార్యతో వచ్చాడు. ఆమె టమాటాలు ఏరుకుంటోంది. నన్ను చూసి ఆయనే దగ్గరికి వచ్చాడు.

"నమస్కారమండి. బాగున్నారాండి?" అన్నాడు.

ఆ 'అండి' నాకు గుచ్చుకుంది. ఆస్పత్రి బెంచీ దగ్గర లేదది. ఆ గొంతుకి అతకని మాట, కొత్త చెప్పుల్లా కరుస్తూ ఉంది.

ఆయనకి తేలిగ్గా ఉంటుందని, "మంచిగనే ఉన్న. మీరెట్లున్నరు?" అన్నాను. చిన్నప్పటి నుంచి నాకు వచ్చిన మాటే. కానీ ఆయన మొహం బిగుసుకుంది. నేను ఎగతాళి చేశాననుకున్నాడో, జాలిపడ్డాననుకున్నాడో.

"స్టోర్సులో ఉన్నానండి. ఇబ్బంది లేదండి," అన్నాడు.

"ఆఫీసులో నేను మీ మాట బాగాలేదని చెప్పలేదు. వాళ్ళు అలా రాసుకున్నారు. నేను సంతకం కూడా పెట్టలేదు," అన్నాను, ఈసారి నా మాటలోనే.

"పోనీయండి మేడం. మీరు చదువుకున్నవారు, మంచికే చెప్పి ఉంటారు," అన్నాడు. నమ్మాడో లేదో ఆ మాటలో తెలియలేదు. మర్యాద తప్ప ఏమీ లేదు.

టమాటాల దగ్గర నుంచి ఆయన భార్య ఏదో అడిగింది. ఆయన ఆమె వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, "వస్తున్న, ఆ సంచి ఇటు తే," అన్నాడు. తరువాత నాకు మళ్ళీ నమస్కారం పెట్టి, జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని, వాళ్ళిద్దరూ ఆటో ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.